పేరు మారినా సమస్య ఒకటే

సప్లై చైన్ చదివే విద్యార్థి ప్రాజెక్టు పనికి కూర్చోగానే గూగుల్ స్కాలర్‌లో 'బుల్‌విప్ ఎఫెక్ట్' అని కొడతాడు. వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడతాయి. పైనున్న పదింటికి తలా ఒక పేరా రాస్తే సాహిత్య సమీక్ష పూర్తయిందనుకుంటాడు. ఈ వ్యాసకర్తకు బాధ కలిగించేది ఆ తొందరే. ఫలానా ఆయన ఇలా అన్నారు, మరొకాయన అలా అన్నారు అంటూ పేర్చుకుపోతే వాళ్లిద్దరికీ ఎక్కడ చెడిందో తెలియదు.

పసిపిల్లలు డైపర్లు వాడే తీరు నెలనెలా పెద్దగా మారదు. అయినా ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌కు డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చే ఆర్డర్లు ఎగిరెగిరి పడేవి. ముడిసరుకు కోసం ఆ కంపెనీ పెట్టే ఆర్డర్లు ఇంకా ఎక్కువగా ఊగేవి. బుల్‌విప్ అంటే కొరడా: పిడి దగ్గర చిన్న కదలిక, కొసన పెద్ద విసురు. 1997లో హౌ లీ, పద్మనాభన్, వాంగ్ రాసిన పత్రంతో ఈ పేరు స్థిరపడింది.

అయితే ఆ పేరుతో వెతికితే జే ఫారెస్టర్ చేజారిపోవచ్చు. ఎంఐటీకి చెందిన ఆయన 1958లోనే హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఈ సమస్యను చూపించారు. 'సప్లై చైన్ మేనేజ్‌మెంట్' అన్న మాట 1982లో కీత్ ఆలివర్ ద్వారా గానీ ప్రచారంలోకి రాలేదు. పాత పత్రాలను పట్టుకోవాలంటే 'డిమాండ్ యాంప్లిఫికేషన్' అని కూడా వెతకాలి. ఇలాంటి పాత పేర్లను లైబ్రేరియన్‌ను అడిగి తెలుసుకోవచ్చు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో సూత్రంగా చెప్పింది ఇలాంటి సాయం గురించే.

ఆర్డర్లు ఇలా ఊగడానికి కారణమేమిటన్న దగ్గరే అసలు తగువు ఉంది. 1989లో జాన్ స్టెర్మన్ సప్లై చైన్‌ను అనుకరించే బీర్ గేమ్ ఆడించి చూస్తే, ఆటగాళ్లు ఇప్పటికే ఆర్డర్ పెట్టిన, ఇంకా చేతికందని సరుకును లెక్కలోకి సరిగా తీసుకోలేదని తేలింది. అంటే తప్పు మనిషి తీర్పుదన్నమాట. లీ బృందం మరో దారి పట్టింది. అంచనాలు సవరించుకోవడం, ఆర్డర్లను పోగేసి ఒకేసారి పెట్టడం, ధరల హెచ్చుతగ్గులు, కొరత వస్తుందేమోనని అవసరానికి మించి అడగడం. ఈ పరిస్థితుల్లో ఎంత తెలివిగా ఆలోచించే వ్యాపారి ఉన్నా ఆర్డర్లు ఊగుతాయని వాళ్ల వాదన. రెండింటికీ మందు ఒకటి కాదు: మొదటిదానికి శిక్షణ కావాలి, రెండోదానికి సమాచారం పంచుకోవడం, ధరల విధానం మార్చడం కావాలి.

ఇలాంటి తగువును వెతికి పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒక పత్రం చివరి రిఫరెన్సులు వెనక్కి తీసుకెళ్తాయి. దాన్ని ఉదహరించినవారి జాబితా ముందుకు నడిపిస్తుంది. ఈ రెండో దారికి 1955లో యూజీన్ గార్ఫీల్డ్ ప్రతిపాదన పునాది వేసింది. అలా ముందుకొస్తే 2007 నాటి కాషాన్, రాండల్, ష్మిట్ పత్రం ఎదురవుతుంది. అమెరికా పరిశ్రమల లెక్కల్లో ఈ ప్రభావం హోల్‌సేల్‌లో కనిపించింది; రిటైల్‌లో సాధారణంగా లేదు, తయారీ రంగంలో చాలావాటిలోనూ లేదు.

డైపర్లలో కనిపించినది పరిశ్రమ మొత్తం లెక్కల్లో ఎందుకు కరిగిపోయింది? కంపెనీ లెక్కలా, రంగం లెక్కలా? వారానివా, నెలవా? పత్రానికో వరుస చొప్పున పట్టిక గీసి ఈ గళ్లు నింపాలి. ఆ తర్వాత థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో భారతీయ పరిశోధనలు తిరగేస్తే, హైదరాబాద్ మందుల డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లను ఏ గడిలో పెట్టాలన్న ప్రశ్న విద్యార్థికి తనదిగా పుడుతుంది.