ఐదు కోట్లలో గోడ కట్టడం

కబడ్డీలో కూతగాడికే చప్పట్లు. మ్యాచ్‌ను నిలబెట్టేది మాత్రం చేతులు కలిపి కాచుకునే కార్నర్, కవర్ డిఫెండర్లు. ప్రో కబడ్డీ పదో సీజన్‌లో ఆటగాళ్లపై ఒక్కో జట్టు ఖర్చు పరిమితి 5 కోట్ల రూపాయలు. ఆ హద్దులో ఈ రక్షణ గోడ కట్టడం మామూలు పని కాదు.

ఆ సీజన్ కోసం 2023లో జరిగిన వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు రైడర్ (కూతగాడు) పవన్ సెహ్రావత్‌కే 2.605 కోట్లు పెట్టింది. సగానికి పైగా ఒక్కడికే పోతే మిగతా స్థానాలకు చౌకబేరాలే గతి. పవన్ ఎంత ఆడినా ఆ సీజన్‌లో టైటాన్స్ అట్టడుగునే మిగిలింది.

అదే వేలంలో పుణేరి పల్టన్ జట్టు కూడా పిసినారితనం చూపలేదు. ఇరాన్ ఆటగాడు షాద్లూయికి 2.35 కోట్లు ఇచ్చింది. కానీ అతడు ఎడమ కార్నర్, పట్టు పట్టేవాడు. అతని చుట్టూ అభినేష్ నడరాజన్, గౌరవ్ ఖత్రి లాంటి కుర్రాళ్లుండేవారు. కవర్‌కూ కార్నర్‌కూ మధ్య అడుగు తేడా వస్తే రైడర్ జారిపోతాడు; ఆ పొందిక వేలంలో దొరకదు, కలిసి ఆడితేనే కుదురుతుంది. అందుకే తెలిసిన జోడీని అట్టిపెట్టుకోవడమే అసలైన పొదుపు. 2024 మార్చి 1న హైదరాబాద్‌లో జరిగిన ఆ సీజన్ ఫైనల్లో పుణేరి 28-25తో హర్యానా స్టీలర్స్‌ను ఓడించింది.