నిర్ణయం ఒకరిది, సాధన మరొకరిది

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో మాటకు సంబంధించిన ఇబ్బందులున్న పిల్లలకు చికిత్స అందించే బాధ్యత ఆసుపత్రితో ఆగక బడికి కూడా చేరడానికి మూలం 1975లో ఆ దేశ కాంగ్రెస్ ఆమోదించిన వికలాంగ బాలల విద్యా చట్టంలో ఉంది. 1990లో పేరు మార్చుకుని, 2004లో సవరణలు పొందిన ఆ చట్టం ప్రకారం 3 నుంచి 21 ఏళ్ల లోపు అర్హులైన ప్రతి విద్యార్థికీ వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే ఏడాదిలో ఆ విద్యార్థి ఏమేం సాధించాలో, అందుకు ఏ సేవ ఎంతసేపు అందాలో తల్లిదండ్రులతో కూర్చుని రాసుకునే పత్రం, తప్పనిసరి. ఈ సేవలు పొందే విద్యార్థుల్లో దాదాపు ఐదో వంతు మంది వాక్, భాషా లోపాల వర్గానికి చెందినవారే. ఉచ్చారణ, భాష, నత్తి, గొంతు సమస్యలను పరీక్షించి చికిత్సను నిర్ణయించే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టుకు మాస్టర్స్ పట్టా కావాలి. అంతటి అర్హత ఉన్నవారు చాలినంత మంది దొరకని బడులు ఎన్నో ఉన్నందున, వారి పర్యవేక్షణలో పనిచేసే సహాయకుల వృత్తి రూపుదిద్దుకుంది. ఆ రంగపు జాతీయ సంఘమైన ఆషా సహాయక సిబ్బంది గురించి తొలి మార్గదర్శకాలను 1969లోనే వెలువరించినా, సహాయకులకంటూ ప్రత్యేక ధ్రువీకరణ పత్రాన్ని ప్రవేశపెట్టింది మాత్రం 2020లో.

కొన్ని రాష్ట్రాల్లో ఈ పనికి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ సరిపోతే, మరికొన్ని బ్యాచిలర్ పట్టా అడుగుతాయి. అర్హతలు ఎలా ఉన్నా పని విభజన మాత్రం స్పష్టం. పరీక్షల ఫలితాలను విశ్లేషించడం, లోపం ఉందో లేదో తేల్చడం, చికిత్సా ప్రణాళికను రాయడం, మార్చడం, ఇక చికిత్స అక్కర్లేదని ప్రకటించడం పాథాలజిస్టు అధికారాలు కాగా, ఆ ప్రణాళికలో ఉన్నదాన్ని పిల్లల చేత సాధన చేయించడం, ప్రతి ప్రయత్నాన్నీ నమోదు చేయడం, బొమ్మల కార్డులనూ సంభాషణ పరికరాలనూ సిద్ధం చేయడం సహాయకుల వంతు.

ఈ సాధన ఎంత సున్నితమైనదో ఇంగ్లీషు 'ర' ధ్వని పలకలేక 'రాబిట్'ను 'వాబిట్' అనే పిల్లవాడి చికిత్సలో తెలుస్తుంది. ధ్వనిని మొదట విడిగా, తర్వాత అక్షరంలో, పదంలో, వాక్యంలో, చివరికి మామూలు సంభాషణలో పలికించడం ఈ రంగంలో సంప్రదాయ క్రమం. ఒక మెట్టు మీద నాలుక కుదురుకోకముందే పై మెట్టుకు తీసుకెళ్తే పాత అలవాటే తిరిగి వస్తుంది, కుదురుకున్నాక కూడా అక్కడే ఉంచితే కార్డు కళ్ల ముందు ఉన్నప్పుడు తప్ప ఆ ధ్వని నోటికి రాదు. అరగంటలో ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టినప్పుడు ఒక్కొక్కరి చేత ఎన్నిసార్లు పలికించారన్నదే సహాయకుల నేర్పుకు తొలి కొలమానం. పాచికలు వేసి గడులు దాటే ఆటలు పిల్లలకు ఉత్సాహం ఇచ్చే మాట నిజమే గానీ, వంతు కోసం ఎదురుచూడడంలోనే సమయమంతా గడిచి, ఒక్కొక్కరు పది పన్నెండు సార్లకు మించి పలకకపోతే అది ఆటగానే మిగులుతుంది. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

అంతకన్నా కష్టమైన నేర్పు నమోదులో ఉంది. పది ప్రయత్నాల్లో ఎనిమిది సరైనవన్న అంకె ఒక్కటే చెప్పేది చాలా తక్కువ. ఆ ఎనిమిదీ పిల్లవాడు తనంతట తాను పలికినవా, సహాయకురాలు ముందుగా పలికి వినిపించాక పలికినవా, అద్దంలో నోటిని చూసుకుంటూ పలికినవా అన్నది కూడా రాసి ఉండాలి. ఆ గుర్తులను చూసే పాథాలజిస్టు లక్ష్యాన్ని మారుస్తారు కనుక, సగం కుదిరిన ధ్వనికి జాలిపడి సరైన గుర్తు పెట్టడం ఆ పిల్లవాడిని సిద్ధం కాని మెట్టు మీదికి నెట్టడమే అవుతుంది.

పర్యవేక్షణకు కూడా లెక్కలున్నాయి. సహాయకుల తొలి 90 పనిదినాల్లో కనీసం 30 శాతం, ఆ తర్వాత కనీసం 20 శాతం సమయం పర్యవేక్షణలో గడవాలని 2004 నాటి ఆషా మార్గదర్శకాలు సూచించాయి. గదిలో ఉండి చూడడం ప్రత్యక్ష పర్యవేక్షణ, నమోదు పత్రాలు చదవడం వంటివి పరోక్ష పర్యవేక్షణ. నిపుణుల చేతికి అదనపు బలంగా సహాయకులను నియమించడం వేరు, నిపుణుల ఖాళీని చవకగా పూడ్చడం వేరు. రెండో పద్ధతిలో శాతాలు కాగితం మీద పూర్తయినా, పిల్లవాడిని రోజూ చూసేవారికి నిర్ణయాధికారం లేకుండా, నిర్ణయించేవారికి పిల్లవాడి పరిచయం లేకుండా పోతుంది.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాక్, భాషా వైకల్యాన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. వినికిడి, భాష, వాక్కులపై భారత పునరావాస మండలి గుర్తింపు పొందిన ఏడాది డిప్లొమా ఈ సహాయక స్థాయి కోసమే ఉంది. అయితే తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రం వరకు వచ్చేసరికి పైనుండి చూసే నిపుణుడు అందుబాటులో ఉండడం అరుదు కాబట్టి, అమెరికాలో నడిచే అధికార విభజన చర్చ ఇక్కడ ఇంకా మొదలే కాలేదనాలి.

టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ బడుల్లో తెలుగు ఇళ్ల పిల్లలు కనిపించే చోట మరో చిక్కు ఉంది. తెలుగులో 'వ' ఒక్కటే కనుక, పడమర దిక్కును చెప్పే 'వెస్ట్', చొక్కా మీద తొడిగే 'వెస్ట్' కొందరు పిల్లల నోట ఒకేలా వినిపిస్తాయి. ఇంగ్లీషు 'ట', 'డ'లు మూర్ధన్యాలుగా, అంటే నాలుక కొన వెనక్కి వంచి పలికే తెలుగు ధ్వనులుగా వస్తాయి. ఇవి ఇంటి భాష ప్రభావమే తప్ప లోపాలు కావు. తెలుగు తెలిసిన సహాయకురాలు ఈ తేడాను పాథాలజిస్టు దృష్టికి తేగలదు, తగిన శిక్షణ ఉంటే పరీక్ష సమయంలో దుబాసీగానూ ఉండగలదు, తేల్చడం మాత్రం ఆమె పని కాదు. ఇంట్లో తెలుగు మానేయాలా అని తల్లిదండ్రులు తరచుగా అడిగేది కూడా, భాష కలిసిన చనువుతో, ఆమెనే. రెండు భాషలు మాట్లాడడం వల్ల భాషా లోపం రాదన్నది ఆమెకు చదువులోనే తెలిసి ఉంటుంది. అయినా ఆ పిల్లవాడి విషయంలో జవాబు పాథాలజిస్టు నుంచి రావాలి కనుక, ప్రశ్నను అదే రోజు రాసి పంపి, వారు ఇంటివాళ్లతో మాట్లాడేదాకా వెంటపడడం ఆమె పని.