నౌ ఆబాదీ, ఎవరి బర్బాదీ?

అండమాన్ అనగానే మన పాఠ్యపుస్తకం సెల్యులార్ జైలు బొమ్మ చూపిస్తుంది. ఆ జైలు పూర్తయింది 1906లో. ఖైదీల తొలి ఓడ అక్కడికి చేరింది 1858 మార్చిలో. మధ్యనున్న 48 ఏళ్లూ ఏమైనట్టు? ఆ తొలి రోజుల్ని అనుభవించినవాళ్లు అరబ్బీలోనూ ఉర్దూలోనూ రాసిపెట్టారు. తెలుగులోకి రాలేదేమని ఎవర్నో నిందించేముందు, రెండు భాషల్తో పొట్టపోసుకుంటున్న మేమే ఆ పని చెయ్యలేదని ఒప్పుకోవాలి.

ఇంగ్లీషువాడు 'సెటిల్‌మెంట్' అన్నదాన్ని ఉర్దూ పేజీలో 'నౌ ఆబాదీ' అని రాస్తాం. కొత్తగా జనం కుదురుకోవడమన్నమాట. అంటే అంతకుముందు అక్కడ జనం లేనట్టేనా?

నికోబార్ సంగతి చూడండి. తరంగంబాడి నుంచి డేన్లు 1750ల్లో వెళ్లి, ఆ దీవులకు తమ రాజు పేరు పెట్టారు. జ్వరాలకు తాళలేక వదిలేశారు, మళ్లీ వెళ్లారు, మళ్లీ వదిలేశారు. వాళ్లు లేని సందు చూసి 1778లో ఆస్ట్రియా జెండా పాతింది. చివరికి 1868లో డెన్మార్క్ తన హక్కుల్ని ఇంగ్లండ్‌కు అమ్ముకుంది. తగాదా పడింది యూరప్ దొరలు. అమ్మడానికి మీరెవరని నికోబారీలు అడిగే చోటు ఆ కాగితాల్లో లేదు.

అండమాన్లో కంపెనీ తరఫున బ్లెయిర్ 1789లో తొలి స్థావరం వేశాడు. 1792లో దాన్ని ఉత్తరానికి మార్చారు. రోగాలు తినేశాయి. 1796లో 270 మంది ఖైదీలను పెనాంగ్‌కు పంపేసి మూటాముల్లె సర్దుకున్నారు. అరవై ఏళ్లపాటు ఆ నేల దొరలకు అక్కర్లేకపోయింది. 1857 తిరుగుబాటుతో మళ్లీ అవసరమొచ్చింది.

అప్పటి సర్కారు లెక్క ఒకటుంది. తొలి మూడు నెలల్లో దిగిన ఖైదీలు 773 మంది. ఆసుపత్రిలో చచ్చినవాళ్లు 64. పారిపోయి తిరిగిరానివాళ్లు 140. పారిపోబోయి పట్టుబడితే ఉరితీసినవాళ్లు 87. ఆత్మహత్య ఒకటి. మిగిలింది 481. జమాఖర్చు సరిగ్గా సరిపోయింది, ఒక్క పేరూ లేదు.

ఆ పేర్లలో మావీ ఉన్నాయి. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రెబాజ్ ఖాన్‌కు కోఠీలో స్మారకముంది. ఆయన పక్కన నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు, అక్కడే పోయాడు. గాలిబ్ స్నేహితుడు ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే మట్టిలో కలిశాడు. ఆయన అరబ్బీలో రాసిన 'అస్సౌరతుల్ హిందియా' ఉర్దూలోకి 'బాగీ హిందుస్తాన్'గా వచ్చింది. చచ్చినవాడికి గుసుల్ లేదు, కఫన్ లేదు, జనాజా నమాజు లేదు, కాలుపట్టి ఈడ్చి ఇసకలో పడేసేవారన్న ఆ పుటలు చదివినప్పుడల్లా మాకు గొంతు పట్టేస్తుంది. తర్కశాస్త్రం చెప్పిన మనిషి అక్కడ తర్కం వదిలేసి ఏడ్చాడు.

అయితే మా ఏడుపులోనూ ఒక లోటుంది. పోర్ట్‌మన్ అనే అధికారి 1899లో రెండు సంపుటాల గ్రంథం అచ్చువేశాడు. దాని పేరును 'అండమానీయులతో మన సంబంధాల చరిత్ర' అని తెలుగు చేస్తే తప్పవుతుంది. అది 'మా' అని రాయాల్సిన చోటు. ఇంగ్లీషుకు ఆ తేడా లేదు, మనకుంది. ఇంతకీ ఆ దొర 'మా'లో ఖైదీ ఉన్నాడా? లేడనుకునేవాళ్లం. 1859 మే నెలలో అండమానీలు అబర్డీన్ మీద దాడికి సిద్ధమైతే, ముందే వచ్చి కబురు చెప్పింది దూధ్‌నాథ్ తివారీ. పారిపోయిన సిపాయి ఖైదీ అతను. ఏడాదిపాటు అండమానీలు అన్నంపెట్టి, పిల్లనిచ్చి చూసుకున్న మనిషి. బదులుగా అతనికి క్షమాభిక్ష దొరికింది. తిరుగుబాటుదారుడు కూడా అడవిమనిషి ముందు దొర పక్షాన నిలబడగలడు. షహీదుల జాబితాలు రాసుకునే మేం ఈ పుట తిప్పేసి ముందుకు పోతున్నాం.

గ్రేట్ అండమానీలు అప్పుడు వేలల్లో ఉండేవాళ్లు. 1877లో తట్టు వచ్చి ఊడ్చేసింది. 1901 జనాభా లెక్కల్లో 625, 1961లో 19.

ఇప్పుడు పేర్లు మారుస్తున్నారు. 2023లో 21 దీవులకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అందులో అబ్దుల్ హమీద్ పేరుంది. మాకు సంతోషమే, ఎందుకు దాచుకోవాలి? 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయ్యింది. బ్లెయిర్ పేరు పోయినందుకు మాకు దిగుల్లేదు. కానీ బ్లెయిర్ రాకముందు ఆ రేవును అక్కడివాళ్లు ఏమని పిలిచేవారో అడిగినవాళ్లు లేరు.

బో భాష మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్. 2010 జనవరిలో కన్నుమూసింది. ఈసారి కోఠీలో మౌల్వీ అల్లావుద్దీన్‌ను తలుచుకునే సభ జరిగితే, ఆమె పేరు కూడా పలకమని మావాళ్లను అడుగుతున్నాం.