క్యాచ్ పట్టేవాడు లేని లెక్క: ప్రక్షేపక చలన పాఠంపై ఒక విమర్శ

భౌతికశాస్త్ర పాఠాల్లో ఆటవస్తువులు తరచుగా కనిపిస్తాయి. ఆటగాడు మాత్రం అరుదు. 2006లో వెలువడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి పుస్తకం సాపేక్ష వేగాన్ని వాన, గొడుగులతోనూ, ప్రక్షేపక చలనాన్ని క్రికెట్ బంతితోనూ వివరించింది. సెకనుకు 28 మీటర్ల వేగంతో 30° కోణంలో విసిరిన బంతి 10 మీటర్ల ఎత్తుకు చేరి, దాదాపు 2.9 సెకన్లలో 69 మీటర్ల దూరంలో పడుతుందని తేలగానే లెక్క ముగుస్తుంది. అందులో సాపేక్ష వేగం ప్రస్తావన రాదు.

ఆ లెక్కలో దోషం లేదు. లోపం దృక్కోణంలో ఉంది. పక్కనుంచి చూసే ప్రేక్షకుడికి కనిపించే పరావలయాన్నే అది వర్ణిస్తుంది. బంతికి ఎదురుగా నిలిచిన ఫీల్డరుకు ఆ పరావలయం కనిపించదు. తన చూపు ఎంత కోణంలో పైకి లేస్తున్నదన్నదే అతడికి ప్రధానాధారం.

సెవిల్ చాప్‌మన్ 1968లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో బేస్‌బాల్ ఆధారంగా దీనిని విశ్లేషించాడు. గాలి నిరోధం లేదనీ, బంతి ఫీల్డరు కంటి ఎత్తునుంచే బయల్దేరిందనీ అనుకుంటే, అది చేరే చోటికి సమవేగంతో పరుగెత్తే ఫీల్డరు చూపుకోణపు టాన్జెంట్ ఒకే రేటుతో పెరుగుతుంది. గురుత్వ త్వరణాన్ని, వారిద్దరి మధ్య క్షితిజ సమాంతర సాపేక్ష వేగానికి రెట్టింపుతో భాగిస్తే ఆ రేటు వస్తుంది. పై లెక్కలోనే ఫీల్డరును 60 మీటర్ల దూరంలో నిలబెడితే, అతడు సెకనుకు సుమారు 3.25 మీటర్ల వేగంతో వెనక్కి పరుగెత్తాలి. అప్పుడు సాపేక్ష వేగం 21 మీటర్లు. టాన్జెంట్ సెకనుకు 0.23 చొప్పున పెరుగుతుంది. కదలక నిలబడితే ఆ పెరుగుదల అంతకంతకూ హెచ్చి, బంతి తలమీదుగా పోతుంది. 1983 జూన్ 25న లార్డ్స్‌లో రిచర్డ్స్ కొట్టిన బంతిని కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్ ఈ కోవలోదే.

గాలి నిరోధం వల్ల నిజమైన బంతి మార్గం పరావలయం కాదని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ 69 మీటర్ల జవాబుకే ఎక్కువ తగులుతుంది. ఫీల్డరు బంతి పడే చోటును ముందే గణించనక్కరలేదు; కోణం మారే తీరును బట్టి పరుగును సవరించుకుంటే చాలు. మెక్‌లియడ్, డీన్స్ 1993లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశీలన ఈ వాదాన్ని బలపరిచింది.

ఈ దృష్టిని బోధించడానికి షాద్‌నగర్ అధ్యాపకుడికి ఆటస్థలంతో పాటు మరో నిదర్శనమూ దగ్గరలోనే ఉంది. అక్కడి జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ యాంటెన్నాలు సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో సాగే ఉపగ్రహాలను అనుసరిస్తూ తిరుగుతాయి. ఉపగ్రహమూ గురుత్వానికి లోబడిన ప్రక్షేపకమే. యాంటెన్నా ఉన్నచోటే ఉండి చూపు తిప్పే పరిశీలకుడు. కక్ష్య ఆకారం తెలిస్తే సరిపోదు. నేలమీదినుంచి చూసినప్పుడు దాని కోణం ఎలా మారుతున్నదో కూడా తెలియాలి.

పాఠానికి కొత్త సూత్రాలు అక్కరలేదు. బంతి ఎక్కడ పడుతుందన్న ప్రశ్న పక్కన, దాన్ని అందుకోవడానికి ఎవరు ఎంత వేగంతో కదలాలన్న ప్రశ్న చేర్చితే, విడివిడిగా నేర్చుకున్న రెండు భావనలు విద్యార్థి మనసులో ఒకటవుతాయి.