సంతకం పెట్టే చదువు

విమానాన్ని నడిపేది పైలట్. మరమ్మతు తర్వాత ఆ విమానం ఎగరడానికి పనికొస్తుందని రాసి సంతకం పెట్టేది లైసెన్సున్న ఏఎంఈ, అంటే ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరు. నేను చాలా ఏళ్లు అలాంటి సంతకాలు పెట్టాను. ఇప్పుడు వర్క్‌షాపులో పిల్లలకు ఆ పని నేర్పుతున్నాను. ఇంటర్ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు వచ్చి అడిగేది ఒకటే: "సార్, మావాడికి విమానాల డిగ్రీ చేయిస్తే ఉద్యోగం వస్తుందా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ముందు ఈ చదువులో ఏం నేర్పుతారో చెప్పాలి.

మా దగ్గర మొదటి ఏడాది పిల్లలు ఇంజను జోలికి వెళ్లరు. వాళ్ల చేతికి వచ్చేవి కాస్త స్టీలు తీగ, ఒక ప్లయర్, తలలో సన్నటి రంధ్రమున్న రెండు బోల్టులు. ఇంజను అదురుకి బోల్టు వదులు కాకుండా, దాన్ని పక్క బోల్టుతో కలిపి తీగతో కట్టేయాలి. దీన్ని లాక్‌వైర్ వేయడం అంటాం. తీగను రెండు పేటలుగా మెలివేయాలి. ఎక్కువగా వాడే 0.032 అంగుళాల తీగకైతే అంగుళానికి 6 నుంచి 8 మెలికలు పడాలి. మెలిక వదులైతే తీగ అదిరి అరిగిపోతుంది. బిగువు మరీ ఎక్కువైతే తెగుతుంది. తీగను ఏ వైపు నుంచి తిప్పామన్నది ఇంకా ముఖ్యం. బోల్టు వదులవబోతే తీగ దాన్ని బిగువు వైపే లాగాలి. తప్పు వైపు నుంచి తిప్పితే, ఎంత అందంగా మెలివేసినా ఆ తీగ ఉండీ లేనట్టే. చివర్లో మిగిలిన తీగను కత్తిరించి, కొసను లోపలికి వంచాలి. రేపు అక్కడ చెయ్యిపెట్టే మరో మెకానిక్‌కి గీసుకోకూడదు. కత్తిరించిన ముక్కను వెతికి డబ్బాలో వేస్తేనే పని పూర్తయినట్టు.

తప్పొస్తే సర్దడం ఉండదు. ఒకసారి వాడిన తీగ మళ్లీ పనికిరాదు. కోసేసి కొత్త తీగతో మొదలుపెట్టాల్సిందే. పిల్లలు విసుక్కుంటారు, వేళ్లు నొప్పెడతాయి. అయినా నేను పట్టు వదలను. ఎవరూ చూడని చోట కూడా పని సరిగ్గా చేయడం అలవాటయ్యేది ఆ తీగ దగ్గరే. సాయంత్రం పనిముట్ల బోర్డు దగ్గరా అంతే. ప్రతి స్పానర్ ఆకారమూ బోర్డు మీద గీసి ఉంటుంది. ఒక్క గుర్తు ఖాళీగా కనబడినా ఆ పనిముట్టు దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లరు.

చేతికి పని వస్తే చాలదు. అది ఎందుకు అలా చేయాలో తెలియాలి. డిగ్రీలో ఏరోడైనమిక్స్, థర్మోడైనమిక్స్, లోహశాస్త్రం చదివేది అందుకే. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి 24,000 అడుగుల ఎత్తులో ముందు క్యాబిన్ పైకప్పు ఊడి ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాలికి కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయింది. ఆ విమానం అప్పటికి దీవుల మధ్య చిన్న చిన్న ప్రయాణాలు 89,680 చేసి ఉంది. ఎగిరిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది, దిగాక తగ్గుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టే, రేకు అతుకుల దగ్గర పగుళ్లు పుట్టాయి. ఆ నష్టాన్ని నిర్వహణ తనిఖీలు పట్టుకోలేకపోయాయని దర్యాప్తు తేల్చింది. లోహం అలసట ఎలా పుడుతుందో చదివినవాడు టార్చి పట్టుకుని రివెట్ల వరుస దగ్గర నిలబడితే, దేనికోసం చూడాలో అతనికి తెలుస్తుంది.

ఇక యంత్రం కంటే కష్టమైన పాఠం మనిషి గురించి. లైసెన్సు పరీక్షల్లో తొమ్మిదో మాడ్యూల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్. అక్కడ నేను తప్పకుండా చెప్పేది 1990 జూన్ 10 నాటి బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 కథ. బర్మింగ్‌హామ్ నుంచి మలాగా వెళ్తున్న ఆ విమానంలో, 17,000 అడుగులు దాటాక కెప్టెన్ ఎదుటి అద్దం ఊడిపోయింది. గాలి కెప్టెన్ సగం శరీరాన్ని బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఆపితే, కో పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

అంతకు 27 గంటల ముందే ఆ అద్దాన్ని మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికంటే సన్నవి. తేడా 0.026 అంగుళాలు, ఒక మిల్లీమీటరు కూడా లేదు. రాత్రి షిఫ్టులో ఆ అద్దాన్ని బిగించిన మనిషి విడిభాగాల పుస్తకం తెరిచి నంబరు సరిచూడలేదు. పాత బోల్టును చేత్తో పట్టుకుని దానికి సరిపోయేవి కళ్లతో ఎంచుకున్నాడు. అతను పని తెలియనివాడు కాదు, అనుభవజ్ఞుడు. ఆ అనుభవమే పుస్తకం అక్కర్లేదనిపించింది. 1993లో కెనడా రవాణా శాఖలో పనిచేస్తున్న గోర్డన్ డ్యూపాంట్ ఇలాంటి పొరపాట్లకు దారితీసే పన్నెండు కారణాల జాబితా తయారుచేశాడు. అలసట, ఒత్తిడి, ధ్యాస మళ్లడం, 'మన దగ్గర ఇంతే' అనే అలవాటు, మితిమీరిన ధీమా అందులో ఉన్నాయి. ప్రపంచమంతటా హ్యాంగర్ల గోడల మీద ఆ పోస్టర్లు కనిపిస్తాయి.

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకి వస్తాను. డిగ్రీ వేరు, లైసెన్సు వేరు. ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేస్తే విమానాన్ని డిజైన్ చేసే వైపు దారి తెరుచుకుంటుంది, కానీ దానంతట అది సంతకం పెట్టే హక్కు ఇవ్వదు. ఆ హక్కు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కార్-66 లైసెన్సుతో వస్తుంది. బి1.1 టర్బైన్ ఇంజన్ల విమానాల మెకానికల్ వైపుకి, బి2 ఏవియానిక్స్, అంటే ఎలక్ట్రానిక్ పరికరాల వైపుకి. ఒక్కో మాడ్యూల్‌లో 75 శాతం మార్కులు వస్తేనే పాస్. ఆపైన ఎగిరే విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. పెద్ద విమానాలకైతే ఏ320 గానీ బోయింగ్ 737 గానీ, ఆ రకానికి విడిగా టైప్ రేటింగ్ సంపాదించాలి. డిగ్రీ తరగతులనూ లైసెన్సు శిక్షణనూ కలిపి నడిపే కోర్సులున్నాయి. రెండూ పూర్తిచేసిన పిల్లలకు పునాది గట్టిగా ఉంటుంది.

అవకాశాలు మన గుమ్మం ముందే ఉన్నాయి. శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ విమానాలకు పెద్ద తనిఖీలు చేస్తోంది. ఏ320 నియో, 737 మ్యాక్స్ విమానాలకు వాడే లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని సాఫ్రాన్ సంస్థ 2025 నవంబరులో అక్కడే ప్రారంభించింది. పని ఉంది, కానీ అది లైసెన్సు ఉన్న చేతుల కోసం చూస్తుంది.

కాబట్టి ఫీజు కట్టే ముందు కాలేజీ వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. లైసెన్సు శిక్షణకు డీజీసీఏ ఇచ్చే కార్-147 ఆమోదం ఉందా? ఉంటే ఏ కేటగిరీకి? పిల్లలు ఎగిరే విమానాల మీద ప్రాక్టికల్స్ ఎక్కడ చేస్తారు? ఆమోదం ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ దగ్గరే దొరుకుతుంది, సరిచూసుకోండి. 'గ్యారంటీ ఉద్యోగం' అనే ఏజెంటు మాట నమ్మి అప్పు చేయకండి. చివరిగా మీ అబ్బాయినో అమ్మాయినో కూడా ఒకటి అడగండి: "చేసిన పని మళ్లీ మొదటి నుంచి చెయ్యమంటే ఓపిక ఉందా? మాన్యువల్ తెరవకుండానే 'నాకు తెలుసు' అనకుండా ఉండగలవా?" అవునంటే ధైర్యంగా చేర్పించండి. ఆ పిల్లలు పెట్టే సంతకం మీద నమ్మకంతోనే మనమంతా విమానమెక్కుతాం.