మనస్తత్త్వశాస్త్ర శాఖలు – రెండు భాషల బాలుడు

భారతదేశమున మనస్తత్త్వశాస్త్రమునకు విశ్వవిద్యాలయ శాఖ తొలుత ఏర్పడినది కలకత్తాలో, 1916లో. హార్వర్డులో శిక్షణ పొందివచ్చిన నరేంద్రనాథ సేన్‌గుప్త దానికి ఆద్యుడు. అచ్చటనే పిమ్మట గిరీంద్రశేఖర బోసు ఫ్రాయిడుతో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుచు మనోవిశ్లేషణమును పెంపొందించెను. లండనులో స్పియర్మన్ వద్ద చదివిన ఎం. వి. గోపాలస్వామి 1924లో మైసూరు మహారాజా కళాశాలయందు శాఖను నెలకొల్పి ప్రయోగపద్ధతిని నాటెను. (1935లో తన యింటనే చిన్న రేడియో కేంద్రమును నడపినవాడును ఈయనయే.) విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో 1967లో కె. రామకృష్ణారావు ప్రారంభించిన శాఖకు అతీంద్రియ జ్ఞాన పరిశోధనచే ఖ్యాతి వచ్చినది. ఆచార్యుని అభిరుచి యేదియో శాఖ అభిరుచియు అదియే యగుట ఈ చరిత్రలో తరచుగా కనబడును.

ఇవన్నియు గౌరవింపదగిన కృషులే. అయినను, ఇంట తెలుగును, వీథిలో ఒడియానో తమిళమునో కన్నడమునో మాటాడి, బడిలో ఇంగ్లీషు పాఠమును వల్లించు పిల్లవాని తల్లిదండ్రులు ఈ శాస్త్రమును అడుగవలసిన ప్రశ్న వేరు. రెండు భాషలు పిల్లవాని బుద్ధికి బరువా, బలమా? తెలుగు బడులలో పిల్లల సంఖ్య తరుగుటకు ఈ సందేహమును ఒక కారణమే.

బరువేయని మొదట శాస్త్రము పలికినది. వేల్సు దేశమున డి. జె. సేయర్ 1923లో ప్రకటించిన పరిశోధనలో పల్లెటూళ్ల ద్విభాషా బాలలు బుద్ధిపరీక్షలలో వెనుకబడిరి. పట్టణములలో ఆ భేదము కనబడలేదు. పల్లెకును పట్టణమునకును గల అంతరమును వదలి లోకము భాషనే నిందించినది. 1962లో కెనడాలోని మాంట్రియాలు నగరమున ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్టు అనువారు పదేండ్ల బాలలను, వారి కుటుంబ స్థితిగతులను సరిచూచి, పరీక్షించిరి. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును వచ్చినవారే ముందుండిరి. ఇందును ఒక లోపము కలదు. రెండు భాషలలోను సమముగా ఆరితేరినవారినే ద్విభాషులుగా ఏరిరి. చురుకైనవారిని ఏరి, చురుకైనవారని తేల్చుట యెంతవరకు న్యాయము?

ఈ చిక్కును చాలవరకు దాటినది మన పొరుగుననే, భువనేశ్వరములోని ఉత్కళ విశ్వవిద్యాలయమున జరిగిన పని. అందలి మనస్తత్త్వశాస్త్ర ఆచార్యుడు అజిత్ మొహంతి ఫుల్బాణీ ప్రాంతపు ఖోండు బాలలను పరిశీలించెను. అచ్చట కొన్ని తావుల ఖోండులు కుయీ భాషను పోగొట్టుకొని ఒడియా మాత్రమే మాటాడుదురు. మరికొన్ని తావుల వారికి కుయీ, ఒడియా రెండును కలవు. జాతి యొకటే, ఆచారములు ఒకటే, బ్రతుకుతెరువు ఇంచుమించు ఒకటే, భేదము భాషయందే. ఇట్టి పోలిక ఏ ప్రయోగశాలయందును కల్పింపరానిది. రెండు భాషల బాలలే బుద్ధిపరీక్షలలోను, భాషను గూర్చియే ఆలోచింపవలసిన పరీక్షలలోను మెరుగుగా నిలిచిరి. వస్తువు వేరు, దాని పేరు వేరు అను ఎరుక వారికి సులువుగా పట్టువడెను. ఈ కృషి 1994లో మైసూరులోని భారతీయ భాషల కేంద్రసంస్థవారి ప్రచురణగా, "బైలింగ్వలిజం ఇన్ ఎ మల్టీలింగ్వల్ సొసైటీ" అను పేర వెలువడినది.

ఈ గ్రంథమును పొగడువారు చేయగల పొరపాటు ఒకటి గలదు. మాతృభాషలో చదువు చెప్పుట మేలని ఇది ఋజువు చేసెనని వారు తలంతురు. ఆ ఖోండు బాలల బడి ఒడియా బడియే. కుయీ వారికి ఇంటి మాట మాత్రమే. ఇందు ఋజువైనది ఇంటి భాషను నిలుపుకొనుట నష్టము కాదు, లాభమని. బోధనాభాషను గూర్చిన వాదమునకు వేరు సాక్ష్యము తేవలెను. ఉన్నదానికన్న ఎక్కువ చెప్పిన మాట మన పక్షమును బలహీనపరచును.

మొహంతి తరువాత ప్రతిపాదించిన "రెండంతరముల" భావన తెలుగువారికి మరింత కటువైనది. ఇంగ్లీషునకును రాష్ట్రభాషలకును నడుమ ఒక అంతరము. రాష్ట్రభాషలకును చిన్న భాషలకును నడుమ మరియొకటి. తెలుగు రెండు వైపులను నిలుచును. బరంపురమున అది అల్పసంఖ్యాకుల భాష. శ్రీకాకుళపు కొండలలో సవర బాలునికి అదియే పెద్ద భాష. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశములో సవర, కోయ మున్నగు ఎనిమిది గిరిజన భాషలలో బోధన మొదలిడినపుడు ప్రవాసాంధ్రులు దానిని తమ పోరాటముగా ఎంచలేదు. 350ఎ అధికరణమును తమకై చదువుకొనువారు సవరకును చదువవలసి యుండెను.

ఇక బడిగదికి వత్తము. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. 2006 నాటి చట్టము పిమ్మట తమిళ పఠనము నిర్బంధమైన తమిళనాడులో, తమిళ లిపిని ముందు నేర్చిన తెలుగు బాలుడు గడపను కడప యని వ్రాయవచ్చును. ఒడియా, మరాఠీ లిపులలో ఎ, ఏ ల భేదము లేదు. అందుచే అచ్చటి బాలునికి మెడయు మేడయు ఒకటియే యగును. కన్నడ లిపి నేర్చినవానికి ఈ రెండు చిక్కులును లేవు. తెలుగక్షరములును చాలవరకు చూడగనే పోలికపడును. ఇవి మందబుద్ధి లక్షణములు కావు. ఒక లిపి మరియొక లిపిపై వేసిన నీడలు. ఈ సంగతి ఎరుగని ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును. ఎరుగని పరీక్షకుడు బాలుని వెనుకబడినవారి జాబితాలో చేర్చును. బినే పరీక్షను వి. వి. కామత్ కన్నడ మరాఠీలకు అనువుగా మలచెను గాని, రెండు లిపుల నడుమ నలుగు బాలుని ఒకే భాషలోని పరీక్షతో కొలుచుట సగము కొలుచుటయే.

ఈ విషయమున పరిశోధనకు కావలసినది గొప్ప ధనము కాదు. ఉత్కళ శాఖ ఖోండులకు చేసినట్లే, బరంపురములోనో హొసూరులోనో ఒకే వీథిలో తెలుగు చదివి వ్రాయువారిని, మాటాడుటయే గాని చదువరానివారిని ప్రక్కప్రక్కన నిలిపి చూడవచ్చును. అయితే తెలుగు బడికి పంపు కుటుంబముల సంపాదనయు, ఇంగ్లీషు బడికి పంపువారి సంపాదనయు సమానము కావు. ఆ లెక్క ముందుగా సరిచూడనిచో వేల్సు కథయే మరల జరుగును.