గిరీశం నవ్వకూడదు

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. గురజాడవారి కరటకశాస్త్రి ఆ నూరూ ఆడి ఒక పెళ్లి చెడగొడతాడు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా ఆపాలి. అందుకని శిష్యుడు మహేశానికి చీర చుట్టి, తాను గుంటూరు శాస్త్రులై, ఆ మగపిల్లాణ్నే అవధాన్లకు అమ్మేస్తాడు. తెలుగు హాస్యనాటకంలో ఇంతకు మించిన దగా ఉంటే చూపించండి, దండం పెడతాను.

‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడింది. 1897లో అచ్చయింది. 1909లో ఏడంకాలుగా పెరిగి మళ్లీ వచ్చింది. చరిత్ర ఇంత చాలు. విశాఖ జిల్లాలో శుల్కం పెళ్లిళ్ల జాబితా తీయిస్తే 1034 తేలాయనీ, డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడలేదు గనక ఆ లెక్కా పూర్తి కాదనీ పీఠికలో గురజాడే రాశాడు. నాటకం వేదిక ఎక్కేనాటికే అబద్ధం ఇంటింటా కాపురం చేస్తోందన్నమాట.

ఇక పనితనం చూడండి. వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద జిత్తులమారి రామప్పంతులు ముందే నక్కి ఉంటాడు. పూటకూళ్లమ్మ చీపురుతో దిగబడేసరికి కోతలరాయుడు గిరీశమూ దాని కిందకే దూరతాడు. సంతసరుకు తెస్తానని ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి, మధురవాణి మీద తగలేసిన ఘనుడు మరి! చీపురుదెబ్బ పంతులికి పడుతుంది, గిరీశం చల్లగా జారుకుంటాడు. ఇక్కడే నటుడి సత్తా తేలిపోతుంది. గిరీశం వేసినవాడు జనం కేసి చూసి ‘ఎలా ఉంది నా టోకరా’ అన్నట్టు పళ్లికిలిస్తే సీను చచ్చిందే. గిరీశం తన కోతలు తానే నమ్మాలి. శిష్యుడు వెంకటేశానికి చుట్ట మీద ఉపన్యాసం దంచినా, వితంతువు బుచ్చమ్మ ముందు సంస్కర్తనని వాయించినా, ఆ నిమిషానికి వాడికది వేదం.

ఈ రహస్యం తెలిసినవాడు జె.వి. రమణమూర్తి. ఏళ్ల తరబడి ఈ నాటకాన్ని నడిపి, గిరీశం తానే వేశాడు. అన్న సోమయాజులు రామప్పంతులు. శంకరాభరణం శాస్త్రిగారికి చేతులెత్తి మొక్కినవాళ్లు ఆయన పంతులును కూడా తలుచుకోవాలి! 1955 సినిమాలో రామారావు గిరీశం బాగానే ఉన్నాడు. గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లకైతే వంక పెట్టలేం. అయినా నా ఓటు విజయనగరం రంగస్థలానికే.

స్థానం నరసింహారావు మధురవాణి వేసేవాడు. చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది కదా! మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడై, సానివాళ్ల గాలే పడని పెద్దమనిషి ముందు కూర్చుని నిజాలు బయటపెట్టడం! గిరీశం బండారం పగిలేది ఆ అబద్ధపు వేషం వల్లే. ఇంతమంది అబద్ధాలకోరుల మధ్య ఎదుటివాణ్ని ముంచడానికి బొంకనిది ఆవిడొక్కతే.

ఇప్పుడేం మిగిలింది? టీవీలో మగవాడికి చీర కడితే చాలు, హాస్యమైపోయిందంటున్నారు. ఎందుకు కట్టాడో, ఎవర్ని ఏమార్చాలో అడగొద్దు. చెంపదెబ్బ, బూతుమాట, వెనకనుంచి రికార్డు నవ్వు. సిగ్గేస్తోంది! కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’కి పట్టిన గతీ ఇదే. సుబ్బిశెట్టి పాత్రలోకి ఎవరికి తోచిన మోటు వాళ్లు దూర్చారు. ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడంతో 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. కులాన్ని కించపరిస్తే కోపం రాదూ? కాని చేసిన పాపం కల్పించినవాళ్లది, శిక్ష రాసినవాడికి.

సరుకు లేక కాదు. పెళ్లిచూపులకు వెళ్లి చూడండి. ‘మాకేం అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం’ అనే మగపెళ్లివారి గొంతు వినండి. ఆ మాట అనేటప్పుడు ఒక్కరూ నవ్వరు. రామప్పంతులు బతికే ఉన్నాడు, వెయ్యగల నటుడే కరువయ్యాడు.

కాలేజీ నాటక సంఘాలకు నా విన్నపం ఒక్కటే. సినిమా కాపీ కొట్టకండి. 1909 ప్రతి దగ్గర పెట్టుకోండి, ఉత్తరాంధ్ర యాస తెలిసినవాళ్ల దగ్గర మాట నేర్చుకోండి. ఏడంకాలూ వెయ్యలేకపోతే మంచం సీనొక్కటీ కత్తిరించకుండా వెయ్యండి. గిరీశం వేషం మాత్రం నవ్వు ఆపుకోగలవాడికే ఇవ్వండి.